ఆకులు తినే రాక్షసి బల్లి

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు. నాకప్పుడు ఏడేళ్ళు, నన్ను బడికి పంపలేదు. గడ్డి కోసుకొస్తూ బడి కిటికీ దగ్గర ఆగాను. లోపల టీచరుగారు గోడకు బొమ్మ తగిలించి, "ఇది రాక్షసి బల్లి. మెడే కొబ్బరిచెట్టంత ఉంటుంది" అంటున్నారు.

"మనుషుల్ని తింటాదాండీ?" అన్నాను కిటికీలోంచి.

"తినదమ్మా. ఆకులే తింటుంది."

లోపలి పిల్లలకు భయం తీరింది. నాకు అప్పుడే పట్టుకుంది. మా ఇల్లు తాటాకులది. ఉయ్యాల్లో తమ్ముడున్నాడు. గడ్డిమోపు పడేసి పరుగెత్తి, వాణ్ణి చంకనేసుకుని టీచరుగారి డాబా అరుగెక్కి కూర్చున్నాను. కొబ్బరాకు గాలికి కదిలినా తమ్ముణ్ణి గట్టిగా అదుముకునేదాన్ని.

బడి వదిలాక టీచరుగారూ, వెతుక్కుంటూ అమ్మా వచ్చారు.

"పిల్లోణ్ణి ఇక్కడికెందుకు తెచ్చేవే?"

"బల్లి మనిల్లు తినేత్తాదే అమ్మా. డాబా తినదు."

"అవి చచ్చిపోయి కోట్ల ఏళ్ళయిందే పిల్లా" అన్నారు టీచరుగారు.

"ఆ మాట ముందు చెప్పాలి కదండీ."

అమ్మ నవ్వలేదు.

ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలతో నిన్న మనవరాలి పుస్తకం కూడబలుక్కున్నాను. అందులో అదే బొమ్మ కనబడింది. శాస్త్రజ్ఞులు తుంటి ఎముక చూసి వీటి జాతి తేలుస్తారట. ఆకులు తినే ఈ పొడుగుమెడవాటిని, మాంసం తినేవాటితో కలిపి ఒకే గుంపులో పెట్టారట. నేను మాత్రం ఆ రోజు ఇంటికప్పు చూసి మనుషుల్ని రెండు జాతులు చేశాను.

అరుగు మీద ఉన్నది శాంతమ్మ టీచరుగారు, మా అమ్మ సువార్తమ్మ, తమ్ముడు యోహాను, నేను. అందులో తాటాకు కింద ఉండేవాళ్ళం ముగ్గురం.