పాటా, అరుపా?

ఇప్పుడు ఏ పాట కావాలన్నా ఫోనుకు నోటితో చెబితే చాలు. నాకు ఇరవై రెండేళ్లున్న ఆ రోజుల్లో పటాన్‌చెరులో మొబైల్ దుకాణానికి వెళ్లి, మెమరీ కార్డు చేతిలో పెట్టి, "అన్నా, మంచియి సూసి ఎక్కియ్" అని చెప్పి, ఈలోగా చాయ్ తాగి రావాలి. ఏవి మంచివో దుకాణం అన్నే నిర్ణయించేవాడు. ఇంకొకడు ఎక్కించిన పాటలు విని, అదే మన సొంత అభిరుచి అని ఊరి మీద పడి పోట్లాడగల వయసది. ఆ అన్న ఒకరోజు ఏ కళనున్నాడో, నా కార్డులో తొమ్మిది ఇంగ్లిషు రాక్ పాటలు పడేశాడు. అవి విని, ప్రపంచంలోని మగ రాక్ గాయకులందరిలో గొప్పవాడెవరో నేను వారం రోజుల్లో తేల్చేశాను. (ఆ తొమ్మిదీ పాడినవాళ్లు మొత్తం నలుగురు. పోటీ అంతవరకే.)

అప్పుడే పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ట్రైనీగా చేరాను. మాది సంగారెడ్డి దగ్గర పల్లె. కూలికి వెళ్లే మా ఇంట్లో నెలజీతం మొహం చూసిన మొదటివాణ్ని నేనే. ఏడాది బుద్ధిగా పనిచేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. నేను చేరిన నాడే మా అమ్మ 'మావోనిది పర్మినెంటు నౌకరి' అని వాడంతా చెప్పేసింది కనుక, ఆ మాట నిలబెట్టాల్సిన బరువు నా మీద పడింది. బీరంగూడలో ఒక గది కిరాయికి తీసుకుని, అదే ల్యాబులో పనిచేసే ఇంకో ట్రైనీతో కలిసి ఉండేవాణ్ని. వాళ్ల నాన్న పాస్టరుగారు కాబట్టి కంపెనీలో అందరూ కొడుకునే 'పాస్టర్' అని పిలిచేవారు. చర్చిలో గిటార్ వాయించేవాడు. నెమ్మదస్తుడు. అన్నం నేను వండితే కూర అతను వండేవాడు. మా మధ్య గొడవకు ఒక్క కారణమూ ఉండేది కాదు, నా మెమరీ కార్డు రాకపోతే.

తమాషా ఏమిటంటే పాస్టర్‌కీ ఒక రాక్ గాయకుడున్నాడు, నాకంటే చాలా ముందు నుంచీ. ఆ ఇద్దరి పేర్లూ ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు రెండు పార్టీలవుతారు, ఆ అనుభవం నాకుంది. నావాడి గొంతు, ముఖ్యంగా ఒక పాటలో, పైకి వెళ్లి, ఇక చాలు అనుకున్న చోట ఆగకుండా ఇంకా పైకి వెళ్లేది. పాస్టర్ మెచ్చినవాడిది గరగరలాడే గొంతు, రాత్రంతా దగ్గి పొద్దున్నే పాడినట్టుండేది. మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు, నాకూ, అతనికీ. అందువల్ల వాదన ఎప్పుడూ అర్థం దగ్గర ఆగిపోయే ప్రమాదం లేదు. బీరంగూడలో కంపెనీ బస్సెక్కగానే మొదలయ్యేది.

"నీవోడు పాడుతలేడురా. ఒర్లుతున్నడు," అనేవాడు పాస్టర్, ఒక్కో మాటా తూచినట్టు. (మా వైపు ఒర్లడమంటే బిగ్గరగా అరవడం.)

"నీవోనికి గొంతుల కఫం ఉన్నది. జెర డాక్టరుకు సూపెట్టుమను."

"గొంతు చించుకుంటె గొప్పోడైతడా? గట్లయితె మా గల్లీల కూరగాయలమ్మే అక్క అందరికన్న గొప్పది."

బస్సులో వాళ్లకు ఆ గాయకులెవరో తెలియదు. తెలియకపోయినా ప్యాకింగు సెక్షన్ నా వైపు, ప్రొడక్షన్ వాళ్లు పాస్టర్ వైపు చేరిపోయారు. డ్రైవర్ అన్న మాత్రం "ఇద్దర్నీ ఇస్నాపూర్ల దించేస్త" అనేవాడు. ఒకరోజు మాటా మాటా పెరిగి, పాస్టర్ నిలబడి, బస్సు కడ్డీ పట్టుకుని తీర్పు చెప్పినట్టు అన్నాడు: "గా పై స్వరం పాటే అయితె, మనిషన్నోడు నేర్చుకుంటె రావాలె. నువ్వు పాడి సూపెట్టు. నీవోడే గొప్పోడని అందరి ముందట ఒప్పుకుంట."

"సూపెడ్త," అన్నాను. పౌరుషానికి పోయి అన్న మాటే గాని, అప్పటికి నేను స్కూల్లో ప్రార్థన తప్ప ఏమీ పాడి ఎరగను.

ఆ సాయంత్రం నుంచి మాటలు బందయ్యాయి. నేను వండిన అన్నం నేను పచ్చడితో తిన్నాను, అతను వండిన కూర అతను బ్రెడ్డుతో తిన్నాడు. పది రోజులు అలాగే గడిచాయి. (ఆ వంకాయ కూర వాసన ఇప్పటికీ గుర్తుంది. అయినా అడగలేదు.)

సాధన ఎక్కడ చేయాలన్నది అసలు సమస్య. గదిలో పాడితే ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడు. వెతగ్గా వెతగ్గా కంపెనీలోనే, బాయిలర్ వెనక ఖాళీ డ్రమ్ములు పెట్టే షెడ్డు కనిపించింది. బాయిలర్ హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. మధ్యాహ్నం చాయ్ విరామంలో రోజూ అక్కడికి వెళ్లి, డ్రమ్ముల వైపు తిరిగి, కళ్లు మూసుకుని అందుకునేవాణ్ని. నా గొంతు నాకే వినబడేది కాదు కనుక రోజురోజుకూ బాగా పాడుతున్నానన్న నమ్మకం కుదిరింది.

పదకొండో రోజున పొట్ట బిగించి, పిడికిళ్లు బిగించి ఆ పై స్వరం అందుకున్నాను. సరిగ్గా అప్పుడే బాయిలర్ ఏదో తేడా వచ్చి దానంతటది ఆగిపోయింది. ఆ హోరంతా ఒక్కసారిగా తెగిపోయి, కంపెనీ మొత్తం మీద నా గొంతు ఒక్కటే మిగిలింది. కళ్లు మూసుకుని ఉన్నానేమో, అది తెలుసుకుని ఆపేసరికి మూడు నాలుగు క్షణాలు పట్టింది. ఆ వెంటనే అత్యవసర సైరన్ మోగింది.

సైరన్ మోగితే ఎక్కడివాళ్లక్కడ పని వదిలేసి గేటు ముందున్న ఖాళీ జాగాలో వరసగా నిలబడాలి. ట్రైనింగులో నేర్పారు. నేనూ అందరితో పాటు పరుగెత్తాను. వరసలో నిలబడి పక్కతన్ని అడిగాను, "ఏమైందన్నా?"

"బాయిలర్ కాడ ఎవడో కాలిపోయిండంట. పానం పోతున్నట్టు ఒర్లిండంట. సెక్యూరిటీ ఆయన ఇన్నడు."

"అయ్యో పాపం," అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను. ఆ పాపం ఎవరిదో అర్థం కావడానికి ఇంకో నిమిషం పట్టింది.

అంతలో జనాన్ని తోసుకుంటూ పాస్టర్ వచ్చాడు. చాయ్ వేళకు నేను రోజూ ఎటు పోతున్నానో అతను కనిపెట్టినట్టున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూడగానే రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. "నువ్వేననుకున్నరా! నీకేమన్నయితె మీ అమ్మకు ఏం జెప్పాల్నో అనుకుంట ఉరికొచ్చిన."

పది రోజుల తర్వాత మేమిద్దరం మాట్లాడుకున్న మొదటి మాట అది. "నేనేరా," అన్నాను మెల్లగా. "కాలలే. పాడిన."

అతను నవ్వాలా తిట్టాలా అని తేల్చుకోలేకపోయినట్టున్నాడు. తర్వాత షెడ్డు వైపు చేయి చూపించాడు. మూతికి మాస్కులు బిగించుకున్న నలుగురు, స్ట్రెచరు పక్కన పెట్టుకుని ఒక్కో డ్రమ్మూ కదిలించి మనిషి కోసం వెతుకుతున్నారు. "పోయి చెప్పురా. పాపం, లేని మనిషిని ఎంతసేపని ఎతుకుతరు?"

వెళ్లి చెప్పాను. మా సేఫ్టీ ఆఫీసరు రిటైరుమెంటుకు దగ్గర పడిన మనిషి, హెల్మెట్ తీయగా ఎవరూ చూడలేదు. ఆయనకు నా మాట మీద నమ్మకం కలగలేదు. మీద ఏదో పడింది, నౌకరి పోతుందని దాస్తున్నాడని ఆయన అనుమానం. డాక్టరు చేత ఒళ్లంతా పరీక్ష చేయించాడు. ఒక్క బొబ్బ కూడా లేకపోవడం ఆయనకు ఇంకా అనుమానం కలిగించింది. మర్నాడు జీఎం సార్ గదిలో విచారణ పెట్టారు. జీఎం సార్, హెచ్‌ఆర్ మేడమ్, సేఫ్టీ ఆఫీసరు, సైరన్ నొక్కిన బిహారీ సెక్యూరిటీ మనిషి ఉన్నారు. నాతో గదిలో ఉంటాడని, సంగీతం తెలిసినవాడని పాస్టర్‌నీ పిలిచారు.

"పాటనే అంటవ్," అన్నాడు సేఫ్టీ ఆఫీసరు. "అయితె పాడు. ఈయన గుర్తుపడ్తడో లేదో సూద్దాం."

ఏసీ గదిలో, కుర్చీల ముందు నిలబడి మొదలుపెట్టాను. గొంతులోంచి సన్నగా ఏదో బయటికొచ్చింది. సెక్యూరిటీ మనిషి జాలిగా తల అడ్డంగా ఊపాడు. "నహీ సాబ్. కల్ తో ఆద్మీ మర్ రహా థా."

నిన్న మనిషి చచ్చిపోతున్నట్టుందట! ఇక పోయేదేముంది అనుకున్నాను. కళ్లు మూసుకుని, అమ్మను తలుచుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి అందుకున్నాను. బయట టైపు చేసుకుంటున్నాయన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. హెచ్‌ఆర్ మేడమ్ కుర్చీ వెనక్కి జరిగింది. సెక్యూరిటీ మనిషి ఇదే గొంతంటూ లేచి నిలబడ్డాడు. "హా సాబ్! యహీ ఆవాజ్! యహీ!"

జీఎం సార్ చెవిలో వేలు తిప్పుకుని పాస్టర్ వైపు చూశాడు. "నువ్వు చెప్పు. ఇది పాటేనా? నిజంగా పాటయితే వదిలేద్దాం. కావాలని అరిచి అందర్నీ బెదరగొట్టి ఉంటే మాత్రం ఇతను ఇవాళే ఇంటికి పోవాలి."

నేను పాస్టర్ వైపు చూడలేకపోయాను. అది పాట కాదు, ఒర్లుడు అని రెండు నెలల నుంచి బస్సు నిండా జనం ముందు చెప్పిన మనిషి అతను. పైగా చిన్నప్పటి నుంచీ ఇంట్లో అబద్ధమాడితే అన్నం పెట్టని తండ్రి పెంపకం.

"పాటే సార్," అన్నాడు చివరికి. "చాన కష్టమైన పాట. అందరికి రాదు."

నాకు హెచ్చరిక లేఖ ఇచ్చి, పర్మనెంటు మూడు నెలలు వెనక్కి జరిపారు. సేఫ్టీ ఆఫీసరు రిజిస్టరులో సంఘటన, స్థలం, సమయం నింపి, కారణం అన్న చోట చాలాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, 'పాట' అని రాశాడు.

సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఇస్నాపూర్ దాటాక నేను ఉండబట్టలేక అన్నాను, "అందరి ముందట ఒప్పుకున్నవ్ మరి."

"నౌకరి కోసం చెప్పినరా. అది సాక్ష్యం. అభిప్రాయం గాదు."

ఆ రాత్రి అన్నంలోకి కూర కలిసింది.

ఇదంతా జరిగి పదిహేనేళ్లు దాటింది. నేను అదే దారిలో ఇంకో కంపెనీలో ల్యాబు చూసుకుంటున్నాను, పాస్టర్ బొంతపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో మేనేజరు. మొన్న ఒక ఆదివారం, చర్చి నుంచి ఇంటికొచ్చే వేళకు ఫోన్ చేశాడు. నావాడు ముసలివాడై మళ్లీ వేదికెక్కాడట, నేను బాయిలర్ వెనక పాడిన ఆ పాటే పాడాడట, వీడియో పంపాను చూడమన్నాడు. చూశాను. జుట్టు తెల్లబడింది. ఆ పై స్వరం చోటు దగ్గరికి రాగానే పెద్దాయన పైకి వెళ్లలేదు. ఒకసారి ఊపిరి తీసుకుని, నవ్వి, కింది స్వరంలోనే మెల్లగా దాటేశాడు.

మళ్లీ ఫోన్ మోగింది. "ఇన్నవా?" అన్నాడు పాస్టర్. "ఇప్పుడు ఇనబడ్తున్నదిరా పాట. మస్తు పాడుతడు," అన్నాడు.

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన గెలుపు. ఆ ఇరవై రెండేళ్లవాడైతే ఫోన్ పెట్టేసి కంపెనీ బస్సంతటికీ చాటింపు వేసేవాడు. నాకేమో వీడియోలో ఆ పెద్దాయన ఊపిరి తీసుకున్న క్షణమే కళ్లలో మెదులుతోంది.

"మీవోడు గూడ మంచిగనే పాడిండు లేరా," అన్నాను.

"గది పదిహేనేండ్ల కింద చెప్పొద్దా?" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వడానికి కూడా మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.