నల్లసీసం కంపెనీ గురించి నేను చెప్పిన సాక్ష్యం

రాజోలు దగ్గర మా సంఘంలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాలు ఉండేవి. మేలు పొందినవాళ్ళు లేచి చెప్పాలి. ఎనభైల మొదట్లో ఒక ఆదివారం నేను లేచి షేర్ల గురించి చెప్పాను. ఏజెన్సీ కొండల్లో తవ్వే ఒక చిన్న కంపెనీవి కొన్ని నా దగ్గరున్నాయి. కొండలో నల్లసీసం, అంటే పెన్సిళ్ళలో పెట్టేది, బయటపడిందని ఉత్తరం వచ్చింది. షేరు ధర ఇంకా కదల్లేదు. పొందకముందే స్తోత్రం చెప్పడమే విశ్వాసమనుకున్నాను.

సంఘమంతా ఆమేన్ అంది. ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్ళు వండి రిటైరైన ఒక పిన్నిగారు అంతటితో ఆగలేదు. తాటాకింటికి పెంకులు వేయించుకోవాలని దాచుకున్న డబ్బులో సగం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీకిచ్చిన దేవుడు నాకివ్వడా ఏంటండీ?"

ఆవిడ పేరు మీద కూడా షేర్లు కొనిపెట్టాను.

ఆ ఏడాది మరో మూడు ఉత్తరాలు వచ్చాయి. ప్రతి ఉత్తరంలోనూ కొత్తచోట దొరికిందనే కబురు. ప్రతి ఉత్తరం తర్వాతా పేపర్లో ధర ఇంకాస్త దిగింది. పోస్టుమాన్ సైకిలు బెల్లు వింటే పెరట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. పిన్నిగారు బజార్లో కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి.

చివరికి పక్కింట్లో అద్దెకున్నాయన్ని అడిగాను. మా వైపు గ్యాసు కోసం బోర్లు వేసే రిగ్గు మీద ఆయన ఉద్యోగం.

"దొరకడం వేరు, తియ్యడం వేరండి మాస్టారూ," అన్నారాయన. "రోడ్డెయ్యాలి, కరెంటు తేవాలి, ఫారెస్టు ఆఫీసోళ్ళు ఒప్పుకోవాలి. మాకైతే గవర్నమెంటు పెడతాదండి. ఆ చిన్న కంపెనీకి ఎవరు పెడతారు? ఎంత దొరికితే అంత ఖర్చు. దానికోసం కొత్త షేర్లు అమ్ముతారు. అమ్మినప్పుడల్లా కొండలో మీ వంతు చిన్నదైపోద్ది. అందుకే ధర లేవదండి."

"అయితే కబురు అబద్ధమాండీ?"

"ఆయ్, నిజమేనండి! అదే కదా చిక్కు."

దేవుడు ఇస్తానన్న కనాను దేశాన్ని ముందుగా చూడబోయినవాళ్ళు ద్రాక్షగెల మోసుకొచ్చిన కథ సండేస్కూల్లో ఏటా చెప్పేవాణ్ణి. గెల నిజమే. అక్కడికి చేరేలోపు ఆ జనం నలభై ఏళ్ళు అరణ్యంలో తిరగడమూ నిజమే. ఎందరు దారిలోనే రాలిపోయారో పిల్లల చేత వల్లె వేయించిన నాకు, సాక్ష్యానికి లేచినప్పుడు అది గుర్తు రాలేదు.

ఆ వారమే పిన్నిగారు మా అరుగెక్కారు. ఒక చేతిలో కంపెనీ పంపిన ఫారం, ఇంకో చేతిలో రుమాలు మూట.

"మళ్ళీ దొరికిందంటండీ! షేర్లున్నోళ్ళకి ఇంకా చవగ్గా ఇస్తారంట. మిగతా సగం తెచ్చేసేను. నింపెయ్యండి."

పెన్ను పట్టుకున్నాను. నింపితే ఆమె మొహంలో ఆ వెలుగు ఇంకొన్నాళ్ళు ఉంటుంది, నా మాటా నిలబడుతుంది. ఆ ఆలోచనకే ఎక్కువ జడిసిపోయాను.

"వద్దు పిన్నిగారూ. నేను తొందరపడి చెప్పేను," అని రిగ్గాయన చెప్పిందంతా చెప్పాను.

ఆవిడ ఫారం మడిచేశారు.

"మరి మొదటిది?"

"తెలీదండి. ఇప్పుడమ్మితే మూడోవంతైనా రాదు."

"లేచి చెప్పేరు కదా మాస్టారూ, చూసే చెప్పేరనుకున్నాను."

ఆవిడ మూట బొడ్లో దోపుకుని లేచారు.

"పదండి, పెంకులు ఇప్పుడే మాటాడేద్దాం. రేపింకో ఉత్తరం వచ్చిందంటే నాకు మళ్ళీ ఆశ పుట్టేత్తాది."

ఆ డబ్బుకి ముందుగదికే పెంకులు వచ్చాయి. ఆమె పడుకునే వెనకగది తాటాకుతోనే ఉండిపోయింది. కార్తీకంలో వాయుగుండమని రేడియోలో చెప్పినప్పుడల్లా ఆ గది మీదికి గాలి రాకూడదని మోకరించేవాణ్ణి. పొందకముందే స్తోత్రం చెప్పడం మాత్రం మానేశాను.