త్రిపురసుందరి గారికి నచ్చని నవలలు

త్రిపురసుందరి గారి గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇలా చెబుతాను: తనకి నచ్చని పుస్తకాన్ని తప్ప ఆవిడ మరే పుస్తకాన్నీ పూర్తిగా చదవరు. ఎంత నచ్చకపోతే అంత శ్రద్ధగా చదువుతారు. చదివి, ఈ లోకం మీద ఆశ వదులుకుని, ఆ సంగతి చెప్పడానికి తిన్నగా నా గదికి వస్తారు.

నా గదంటే విజయవాడ పటమటలో ఒక అమ్మాయిల హాస్టల్లో వార్డెన్ గది. డాక్టర్ సీటు కోసం లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరిన నూట నలభై మంది పిల్లలు, పొద్దున్నే ఉప్మా, రోజంతా పాఠాలు, ఆదివారం పరీక్ష. వీటన్నిటి మధ్యా వార్డెన్ హెలెన్‌ని, నేను. త్రిపురసుందరి గారు ప్రభుత్వ కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరై, సాయంత్రం స్టడీ అవర్ చూడ్డానికి వచ్చి మా హాస్టల్లోనే ఉంటున్నారు.

మా దగ్గర నవలలు నిషేధం. పిల్లలు తెస్తూనే ఉంటారు. దిండు గలీబులో ఒకటి, జువాలజీ పుస్తకం అట్టలో ఒకటి. ఇటుకంత లావు ఇంగ్లీషు నవలలు. అట్ట మీద ఒక కత్తి, ఒక కిరీటం, చుట్టూ ముళ్ళ తీగలు. దొరికినవి దొరికినట్టు నా బీరువాలో పడేసేదాన్ని. ఒకరోజు ఆవిడ ఆ బీరువా చూశారు.

"ఇవన్నీ ఎందుకు లాక్కున్నావు హెలెన్?"

"పిల్లలు చెడిపోతారని, మేడం."

"ఎలా చెడిపోతారు?"

"నాకేం తెలుసండీ, నేను చదవలేదు."

"చదవకుండానే లాక్కున్నావా?" అని ఆవిడ నోరెళ్ళబెట్టి, అన్నిటికంటే లావుపాటిది చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. నా ప్రశాంతత ఆ రోజుతో సరి.

మూడో రోజు వచ్చి కుర్చీలో కూలబడ్డారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అయిపోయింది హెలెన్. ఇంక ఏమీ మిగల్లేదు."

ఎవరో పోయారనుకుని మంచినీళ్ళిచ్చాను.

"ఆ రాకుమారుడికి అయిదు వందల నలభై ఏళ్ళు. పిల్లకి పంతొమ్మిది. అన్నేళ్ళు బతికినవాడికి ఎంత బుద్ధి ఉండాలి? వీడు మాట్లాడితే అలుగుతాడు. అలిగి గోడని గుద్దుతాడు. కళ్ళేమో బంగారు రంగట. అవి కామెర్లమ్మా! ఆరు వందల పేజీల్లో ఒక్కళ్ళు కూడా వాడికి రక్తపరీక్ష చేయించలేదు."

"పోనీ, వదిలెయ్యండి మేడం."

"వదిలేశాను. ఈ జన్మకి ఇదే ఆఖరు." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "దీని రెండో భాగం ఎవరి దగ్గరైనా దొరికిందా?"

ఆ తర్వాత అలాంటి ఆఖర్లు ఎన్ని వచ్చాయో చెప్పలేను. డ్రాగన్ల నవల చదివి, పదకొండు టన్నుల జంతువు గాల్లోకి లేవాలంటే ఎంత తిండి కావాలో నా హాజరు రిజిస్టరు వెనక లెక్క కట్టారు. రోజుకి నలభై గేదెలని తేలింది. "మన జిల్లాలో పాడి ఎన్నాళ్ళుంటుంది హెలెన్?" అంటూ దిగులుగా కిటికీలోంచి ఆకాశం చూశారు, అదేదో బందరు రోడ్డు మీదుగా వస్తున్నట్టే.

ఒక అమ్మాయి, ఇద్దరబ్బాయిల కథ చదివితే నిట్టూర్పు వేరు. "మూడు వస్తువులు ఒకదాన్నొకటి లాక్కుంటుంటే ఆ లెక్క తేలదని ఫిజిక్స్‌లో ఎప్పట్నుంచో తెలుసు. ఈ రచయిత్రి మూడు భాగాలు రాసి తేల్చబోయింది, పాపం."

ఇక సత్రం సంగతి.

"వానొచ్చింది. ఇద్దరూ సత్రానికి వెళ్ళారు. ఒకటే గది, ఒకటే మంచం. ఇది ఎనిమిదో పుస్తకం, ఎనిమిదో సత్రం. ఆ రాజ్యాల్లో కత్తులు చేసేవాళ్ళున్నారు, కిరీటాలు చేసేవాళ్ళున్నారు. ఒక్క నులకమంచం అల్లేవాడు లేడా హెలెన్?" అంటుంటే ఆవిడ గొంతులో నిజంగానే దుఃఖం పలికింది.

నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఆ నవ్వు శ్రీదుర్గ విషయంలో ఆగిపోయింది.

శ్రీదుర్గది మంగళగిరి. నాన్న వెంకటప్పయ్య మగ్గం నేస్తాడు. మొదటిసారి సీటు రాక రెండో ఏడు చదువుతోంది. డిసెంబరులో వరసగా మూడు పరీక్షల్లో మార్కులు పడిపోయాయి. అప్పుడే పరుపు కింద నవల దొరికింది. లాక్కున్నది నేనే. పదిమందిలో నాలుగు మాటలన్నదీ నేనే. ఆ రోజు నుంచి పిల్ల మాట్లాడటం మానేసింది. ఏమడిగినా "ఏం లేదు మేడం." కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. ఇరవయ్యేళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను, అల్లరి పిల్లలకి భయపడను. ఇలా చప్పబడిపోయిన పిల్లని చూస్తేనే నాకు భయం. కౌన్సెలర్ వచ్చి కూర్చున్నా పిల్ల పెదవి విప్పలేదు. వాళ్ళ నాన్నని పిలిచి ఇంటికి పంపించెయ్యమని కోచింగ్‌వాళ్ళు చెప్పారు.

త్రిపురసుందరి గారు ఆ నవల రెండు రోజుల్లో చదివారు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల హాల్లో పెరుగన్నం కంచంతో వచ్చి శ్రీదుర్గ ఎదురుగా కూర్చున్నారు.

"నీ హీరో ఒట్టి దద్దమ్మ" అన్నారు, పలకరింపైనా లేకుండా.

పిల్ల తలెత్తలేదు.

"యుద్ధంలో ఆ అమ్మాయిని వదిలేసి పారిపోయాడు."

"పారిపోలేదు" అంది శ్రీదుర్గ కంచంలోకి చూస్తూ.

"పారిపోయాడు. మూడొందల పన్నెండో పేజీ."

"పారిపోలేదు మేడం! తనుంటే ఆ శాపం అందరికీ తగుల్తుందని వెళ్ళాడు. మీరు సరిగ్గా చదవలేదు."

"ఆ ముక్క చెప్పి వెళ్ళొచ్చుగా? నోరు పడిపోయిందా?"

"ఎలా చెప్తాడండీ? అందరూ తన మీద అంత ఆశ పెట్టుకున్నాక, నా వల్ల కావట్లేదని ఎవరికి చెప్తాడు?"

శ్రీదుర్గ ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే వాదించింది, గంటన్నర. త్రిపురసుందరి గారు ముద్ద కలిపి ఆ పిల్ల చేతిలో పెడుతూ, హీరోని తిడుతూ కూర్చున్నారు. పిల్ల వాణ్ని వెనకేసుకొస్తూ ఆవిడ కంచం మొత్తం ఖాళీ చేసేసింది.

"ఇందుకా మేడం, మీరు ఈ పుస్తకాలన్నీ చదివేది?" అని తర్వాత అడిగాను.

"చదువుతున్నావా అంటే నూట నలభై మందీ 'ఆ, మేడం' అంటారు హెలెన్. నీ హీరో దద్దమ్మ అంటే ఒక్కొక్కళ్ళూ నిజం చెప్తారు." కళ్ళజోడు తుడుచుకున్నారు. "పుస్తకాలు మాత్రం ఘోరం. అందులో అనుమానం లేదు."

మర్నాడు వెంకటప్పయ్య వచ్చాడు. విజిటర్ల గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. శ్రీదుర్గ సంచితో గుమ్మం పక్కన తలొంచుకుని నిలబడింది.

"నవలలు చదివి చెడిపోయిందంటండీ మా పిల్ల" అన్నాడు, తప్పు తనే చేసినట్టు.

"ఎవరన్నారు? చాలా మంచి నవలండీ అది" అన్నారు త్రిపురసుందరి గారు.

నేను బిత్తరపోయాను. ఆవిడ ఒక నవలని మంచిదనడం అదే మొదటిసారి.

"కథ చెప్తాను, వినండి" అంటూ ఆవిడ మొదలుపెట్టారు. రెక్కలున్న రాకుమారుడు, అతని పట్టుబట్టలు, శాపం, యుద్ధం. ఒక్కచోట కూడా వెక్కిరించలేదు. వెంకటప్పయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా విన్నాడు.

"అందరూ ఆశ పెట్టుకున్నారండీ. అతని వల్ల కావట్లేదు. చెబితే వాళ్ళు కుంగిపోతారని, నోరు కట్టేసుకుని తనే కుంగిపోయాడు."

వెంకటప్పయ్య కూతురి వైపు చూశాడు.

"ఆ మాట ఇంట్లో చెప్తే సరిపోయేదిగా. ఎవరేమంటారు?"

"చెప్తే మీరు బాధపడరా నాన్నా?" అంది శ్రీదుర్గ.

"పడతాం. పడి, అన్నం తింటాం. నువ్వూ తిను."

నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుంటానన్నాడు. చదువుతానంటే తీసుకొస్తానని, వద్దంటే సామాను కోసం వస్తానని చెప్పి, సంచి అందుకుని లేచాడు. గుమ్మంలో ఆగాడు.

"మేడం గారూ, ఒక్క అనుమానమండీ. వీపు మీద రెక్కలున్నాయన్నారు. పట్టు చొక్కా వేసుకుంటాడన్నారు. మరి ఎట్టా తొడుక్కుంటాడండీ?"

"రాయలేదండీ" అన్నారు త్రిపురసుందరి గారు చిన్నగా.

"వెనక చీల్చి గుండీలు పెడతారు నాన్నా" అంది శ్రీదుర్గ.

"పట్టుని చీలిస్తే పోగులు లేచిపోవూ? నేసేటప్పుడే అక్కడ సందు వదలాలి."

"ఎగిరినప్పుడల్లా ఆ సందు చిరుగుతుందిగా?"

"అంచు గట్టిగా నేస్తే ఎందుకు చిరుగుద్ది? ఇంటికి పద, మగ్గం మీద చూపిస్తా."

ఇద్దరూ వాదించుకుంటూ గేటు దాటారు. ఆటోవాడు పిలుస్తున్నా వినిపించుకోకుండా బెంజ్ సర్కిల్ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయారు.