ఊర్మిళ గీతలు

కార్ఖానాలోని ఆ ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చునే ఊర్మిళ ఎవరొచ్చినా లేచి నిలబడదు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, లోపలికొచ్చిన ప్రతి మనిషినీ ఒకసారి చూసి, కాగితం మీద ఒక గీత గీస్తుంది. పదకొండింటికి ఆ గీతలు లెక్కపెట్టి చాయ్‌లు చెబుతుంది. ఒక్క కప్పు మిగిలినా, తగ్గినా ఆ రోజంతా పరువు పోయినట్టే ఉంటుంది ఆమెకు.

నిన్న శిక్షణ ఇవ్వడానికి వచ్చిన భానుప్రకాశ్, చాయ్‌లయ్యాక అందర్నీ రిసెప్షన్ ముందు జట్లుగా నిలబెట్టి ఒక ఆట ఆడించాడు. ఆఫీసులో మంటలు లేచాయనుకోవాలి. పది నిమిషాల్లో అందర్నీ బయటికి తేవాలి.

"మొత్తం ఎంతమంది ఉన్నారు?" అన్నాడు.

మూడు జట్లూ ఫోన్లలో హాజరు పట్టీ చూసి నలభై రెండన్నాయి.

"నలభై ఏడు," అంది ఊర్మిళ, కుర్చీలోంచి కదలకుండా. "గిట్లయితే ఐదుగురు లోపల్నే కాలిపోతరు సార్. ఇద్దరు వాచ్‌మెన్లు, ఇద్దరు ఊడ్చేటోళ్లు ఆ పట్టీల లేరు. చాయ్‌లు నలభై ఏడు పోయినయ్."

భానుప్రకాశ్ వేళ్లు మడిచి చూసుకున్నాడు. "నలుగురే కదా మేడమ్. ఐదో మనిషెవరు?"

"మీరే సార్. చక్కెర లేని చాయ్."