కూలికి కలుపుకో, ట్రాలీకి తీసెయ్

“లేదు మామా, నువ్వు నిన్న అన్నది సరి కాదు. నేను పరీక్ష రాస్తా.”

పొద్దున్నే మామకు చెప్పిన జవాబు ఇది. నిన్న సిమెంటు కలుపుతూ, “సారే పాయె గదరా. ఇంక ఆ పరీక్ష ఎవురికోసం? వచ్చి పని చూసుకో” అన్నాడు. కోయిలకుంట్లలో మా ఫిజిక్స్ సార్ పోయిన వారం కన్నుమూశారు. ఇంటర్ మధ్యలో మానేసి మామతో ఇళ్లకు నాపబండలు పరుస్తున్న నన్ను మళ్లీ చదువులోకి లాగింది ఆయనే.

వాళ్ల హాల్లో బండలు పరిచినప్పుడు పరిచయం.

“ఎందుకు మానేసినావప్పా?”

“ఒక తావున కూర్చోలేను సార్.”

“అయితే నిలబడి చదువు.”

అప్పట్నుంచి ఆ హాలే మా బోర్డు. సార్ బండల మీద సుద్దముక్కతో గ్రాఫు గీసేవారు. అడ్డంగా దూరం, బండకు మీటరు. నిలువుగా బలం, బండకు పది న్యూటన్లు. అంటే ఒక్కో బండ పది జౌల్స్ పని. గీత ఏటవాలుగా పోయిన చోట సగం ముక్కలు జతచేసి లెక్కపెట్టడం నాకు రోజూ చేసే పనే. ఒకరోజు అడ్డగీతకు పైన ఆరు బండలు, కింద రెండు వచ్చాయి. ఎనిమిది అన్నాను.

“ఎట్లా?”

“పర్చినవన్నీ లెక్కే గద సార్. కింద పరిస్తే కూలి ఇయ్యరా?”

వంటింట్లో అమ్మ, అదే సార్ భార్య, పకపకా నవ్వింది. సార్ నవ్వలేదు. నన్ను బయటికి తీసుకెళ్లి బండల ట్రాలీ తోయమన్నారు. అది ఊపందుకున్నాక వెనక్కి పట్టి లాగమన్నారు.

“ఇప్పుడు నువ్వు కష్టపడ్లేదా?”

“శానా పడినా సార్.”

“మరి దాని వేగం?”

“తగ్గింది.”

“అంతే. గీతకు కింద ఉండేది వెనక్కి లాగిన పని. కూలికి కలుపుకో, ట్రాలీకి తీసెయ్.”

ఆరులో రెండు పోతే నాలుగు. “ట్రాలీకి ఉండే గతిజశక్తి నలభై జౌల్స్ సార్!” అని అరిచాను.

“ఉండేది కాదప్పా, పెరిగింది. ముందు ఎంత ఉండాదో ఈ గీత చెప్పదు. అది అడిగి తెలుసుకోవాల.”

మనుషుల దగ్గర కూడా సార్‌ది అదే పద్ధతి. నీకేం రాదో చెప్పేముందు, ఏం వచ్చో అడిగేవారు. గీతలు చూసి అమ్మ కేకలేస్తే భుజం మీది టవల్‌తో తుడిచి, దాంతోనే మొహం తుడుచుకునేవారు. నుదురంతా సుద్ద. “విభూతి పెట్టుకున్యాడు మీ సారు” అనేది అమ్మ.

పొద్దున నా జవాబు విన్నాడు మామ. లేచి కాళ్లకున్న సిమెంటు కడుక్కున్నాడు. ఇప్పుడు చూస్తే, పెళ్లిళ్లకు మాత్రమే వేసే తెల్లచొక్కా వేసుకుని, బండి పరీక్ష సెంటరుండే నంద్యాల దారికి తిప్పి, ఒంటికాలు నేలకానించి నిలబడి ఉన్నాడు. “రారా, ఎండెక్కుతాంది” అంటున్నాడు.

నేను పోవాలి.