రాజలింగం పెట్టిన పది రైట్లు

తార్నాక నుంచి యూనివర్సిటీ క్వార్టర్ల వైపు వెళ్లే దారిలో, నాలుగు గదుల పెంకుటింట్లో ఒక ప్రైమరీ బడి ఉండేది. ఆ బడికి హెడ్మాస్టరు ఎవరని అడిగితే పిల్లలు కాసేపు ఆలోచించేవారు. అటెండరు ఎవరంటే మాత్రం గోడలదిరేలా చెప్పేవారు: "రాజలింగం మామ!"

రాజలింగం గంట కొడితే గానీ సీతాఫల్‌మండి స్టేషన్‌లో రైలు కదిలేది కాదట. ఈ సంగతి చెప్పింది ఎవరో కాదు, రాజలింగమే. ఆర్ట్స్ కాలేజీకి ఆఖరి రాయి మోసిందీ ఆయనేనట. ఆ కాలేజీ కట్టేనాటికి నీకు పట్టుమని పన్నెండేళ్లు కూడా లేవు గదయ్యా అని ఎవరైనా లెక్క తీస్తే, దానికీ జవాబు సిద్ధంగా ఉండేది. "చిన్న రాయే మోసిన. గని ఆఖరుది!"

టీచరు రాని రోజున ఆ తరగతిలో అటెండరు కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. అందుకే తమ టీచరుకు జ్వరం రావాలని మొక్కుకున్న పిల్లలు కూడా ఉన్నారు. పదహారో ఎక్కం దాకా రాజలింగానికి నోటికొచ్చు. పన్నెండేళ్లుగా కిటికీ బయట నిలబడి విన్న చదువు అది. ఎక్కాలు అప్పజెప్పించాక, మెట్రిక్ పరీక్ష కథ మొదలయ్యేది.

"నేను గింత జోరుగ రాస్తున్న. పెన్నులకెళ్లి పొగ లేసింది. సారు ఉరికొచ్చిండు. 'బస్, రాజలింగం, బస్! ఇంకొక్క లైను రాస్తే బల్ల అంటుకుంటది' అన్నడు. సగం రాసిన కాయితానికే ఫస్ట్ క్లాసు ఇచ్చి పంపిండ్రు."

ఆ కథకు అందరికంటే గట్టిగా నవ్వేది, అందరికంటే గట్టిగా నమ్మేది మూడో తరగతి బాలలక్ష్మి. ఆమె రాజలింగం ఒక్కగానొక్క కూతురు.

అసలు సంగతి వేరు. భువనగిరి పక్క పల్లెలో, నైజాం రోజుల్లో, ఆయన రెండేళ్లు ఉర్దూ బడికి వెళ్లాడు. అలీఫ్, బే అక్షరాలు దాటి సొంత పేరు రాయడం దాకా వచ్చాడో లేదో, తండ్రి పోయాడు. పలక అటకెక్కింది, చేతికి బర్రెల కర్ర వచ్చింది. ఆయనకు మిగిలిన చదువల్లా ఆ ఉర్దూ సంతకమే. తెలుగు అక్షరం ఒక్కటి కూడా గుర్తుపట్టలేడు. ఈ గుట్టు ఇద్దరికే తెలుసు: భార్య లింగమ్మకు, బడిలో పిల్లలకు ఉప్మా వండే రాములవ్వకు. ఇద్దరూ నోరు విప్పే మనుషులు కారు.

అరవై ఏడో సంవత్సరం వానాకాలంలో మూడో తరగతికి కాత్యాయని అనే కొత్త టీచరు వచ్చింది. రాజమండ్రి వైపు ఆవిడ. రాగానే ఒక పద్ధతి పెట్టింది: ఇంటికిచ్చిన పనిని ఇంట్లో పెద్దవాళ్లు చూసి, తప్పొప్పులు గుర్తుపెట్టి, కింద సంతకం చేసి పంపాలి.

క్వార్టర్లలోని పిల్లలకు ఇబ్బందేముంది? ఒకరి నాన్న లెక్చరరు, ఒకరి నాన్న గుమస్తా. బాలలక్ష్మి మాత్రం వాళ్లందరి మధ్యా జడ ఊపుకుంటూ, "మా నాయిన మెట్రిక్. సూడంగనే చెప్తడు" అని చెప్పుకుంది.

ఆ సాయంత్రం అరుగు మీద నోటుబుక్కు తెరిచి తండ్రి ఒళ్లో పెట్టింది.

"నాయినా, పది ప్రశ్నలకు రాసిన. మంచిగున్నదా సూడు."

రాజలింగం పుస్తకం చేతుల్లోకి తీసుకున్నాడు. బాలలక్ష్మి దాన్ని కాస్త తిప్పి సర్దింది. ముత్యాల్లాంటి అక్షరాలు. కొట్టివేత లేదు, మరక లేదు. ఇంత అందంగా ఉన్నది తప్పెలా అవుతుంది? లోపలి నుంచి లింగమ్మ తొంగిచూసి, "రేపు నేను ప్రొఫెసరమ్మ ఇంట్ల పనికి పోతగద, ఆమెకొకసారి సూపెడ్తలే" అంది.

"ప్రొఫెసరమ్మ ఎందుకు? నేను సచ్చిన్నా?" అని కసిరాడు రాజలింగం. బిడ్డ ముందు ఆ మాట అన్నందుకు భార్య మీద కోపమొచ్చింది. ఎర్ర పెన్సిలు తీసి వరసగా పది రైట్లు పెట్టాడు. ఒక్కో రైటు కొడవలంత. కింద కుడి నుంచి ఎడమకు ఠీవిగా సంతకం లాగాడు.

మర్నాడు పొద్దున హెడ్మాస్టరు పంపిన నోటీసు పుస్తకం పట్టుకుని మూడో తరగతి గుమ్మంలో నిలబడ్డాడు, టీచరు సంతకం కోసం. లోపల కాత్యాయని బాలలక్ష్మి నోటుబుక్కు పైకెత్తి పట్టుకుని ఉంది.

"ప్రశ్నలకు జవాబులు రాసుకురమ్మంటే, ప్రశ్నలే మళ్లీ రాసుకొచ్చావేమిటే? పదికి పదీ ప్రశ్నలే! పైగా అన్నిటికీ రైట్లు కూడానా!"

తరగతి మొత్తం గొల్లుమంది. రాజలింగం చేతిలోని నోటీసు పుస్తకం బరువెక్కింది. ప్రతి ప్రశ్న కింద మళ్లీ అదే ప్రశ్న, అవే అక్షరాలు. చదువు రాకపోయినా పోల్చి చూసి ఉంటే తెలిసేది. ఆయన అది కూడా చూడలేదు.

"ఈ కోడిగీతలేమిటి కింద?" అంది కాత్యాయని. ఆవిడకు ఉర్దూ రాదు. అప్పుడే గుమ్మంలో ఉన్న మనిషి కనబడ్డాడు. "రాజలింగం, మీ అమ్మాయి ఇది నీకు చూపించిందా?"

నలభై తలలు గుమ్మం వైపు తిరిగాయి. పెన్నులోంచి పొగ లేపిన మనిషి ఏం చెబుతాడా అని ఎదురుచూశాయి.

"నాయినకు చూపెట్టలే టీచర్" అంది బాలలక్ష్మి. ఆమె తండ్రి వైపు చూడలేదు. "రైట్లు నేనే పెట్టుకున్న. గా గీతలు నేనే గీసిన."

"నిజమేనా రాజలింగం?"

"నాకు... నాకు చూపెట్టలేదమ్మ" అన్నాడు రాజలింగం.

వంద అబద్ధాలు నవ్వుతూ ఆడిన నోరు అది. ఈ ఒక్కటి ఆడేసరికి నాలుక మీద వాతపెట్టినట్టయింది.

"దొంగ సంతకమా! మూడో తరగతికే!" అంది కాత్యాయని. "పో, వరండాలో మోకాళ్ల మీద కూర్చో. అన్నం గంట దాకా లేవకు."

వరండా బండలు గరుకు. పక్కనే గంట వేలాడుతోంది. రెండో పీరియడు గంట కొట్టడానికి రాజలింగం అక్కడికే రావాలి. వచ్చాడు. కూతురు గోడకేసి చూస్తోంది. గంట కొట్టి వెళ్లిపోయాడు. మూడో పీరియడుకు మళ్లీ వచ్చాడు. ఈసారి ఆమె ఒక మోకాలి మీద నుంచి ఇంకో మోకాలికి బరువు మార్చుకుంటోంది. ఆయన గంట రెండుసార్లు ఎక్కువ కొట్టాడు.

వెనక వంటపాకలో రాములవ్వ బడికి సర్కారు పంపే పచ్చ రవ్వతో ఉప్మా కలుపుతోంది. "ఏందిరా లింగం, ముఖం గట్ల పెట్టినవ్?" అంది.

చెప్పాడు. ముసలామె గరిటె ఆపింది.

"బిడ్డ మోకాళ్లు కొట్టుకుపోతున్నయి, నీ మెట్రిక్‌కు మాత్రం దెబ్బ తగలొద్దు. శానా మంచిగున్నదిరా."

అన్నం గంట కొట్టాక పిల్లలు పళ్లేలతో వరండాలో బారులు తీరారు. బాలలక్ష్మి లేవబోతోంది. ఉప్మా బకెట్టుతో వచ్చిన రాజలింగం దాన్ని నేల మీద దించి, కాత్యాయని ముందు చేతులు కట్టుకున్నాడు.

"టీచరమ్మ, గవి నేనే పెట్టిన. రైట్లు, సంతకం నాయే. నాకు తెలుగు సదవరాదు. పొద్దుగాల అబద్ధమాడిన."

కాత్యాయని ముఖం పాలిపోయింది. "అయ్యో, ముందే చెప్పొద్దూ! పసిదాన్ని అన్యాయంగా..." అంటూ బాలలక్ష్మి భుజం పట్టుకోబోయింది. పిల్ల పక్కకు తప్పుకుంది.

రెండో వరసలోంచి ఒక చిన్నపిల్ల అడిగింది, ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే: "మామా, మరి మెట్రిక్ పరీక్షో?"

"రాయలేదు బిడ్డా."

"పొగో?"

"లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో వాళ్లను మోచేత్తో పొడిచారు. రాజలింగం తల ఎత్తకుండా కూతురి దగ్గరికి వెళ్లి, మోకాలికి అంటిన ఇసుక దులపడానికి వంగాడు. బాలలక్ష్మి ఆయన చెయ్యి తోసేసింది. కళ్లనిండా నీళ్లు.

"నాకు ఎరుకే నాయినా, నీకు రాదని. నిన్న పుస్తకం తలకిందులు పట్టుకున్నవ్, నేనే సక్కగ తిప్పిన" అంది గొంతు తగ్గించి. "అన్నం గంట దాక కూసున్న గద. అయిపోయింది గద. ఇప్పుడెందుకు చెప్పినవ్ అందరి ముంగట?"

పళ్లెం తీసుకుని వరస చివర, అందరికీ దూరంగా కూర్చుంది.

రాజలింగం బకెట్టు ఎత్తుకుని మొదటి పిల్ల నుంచి వడ్డించుకుంటూ వచ్చాడు. రోజూ ఒక్కో పళ్లేనికి ఒక్కో జోకు వేసేవాడు. ఆ రోజు గరిటె చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి కూతురి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆమె పళ్లెం ముందుకు జరపలేదు, వెనక్కీ తీసుకోలేదు. గరిటె నిండా ఉప్మాతో ఆయన అలాగే నిలబడ్డాడు, వడ్డించాలో, పెట్టమంటావా అని అడగాలో తెలియక.