పగటి చుక్కలు

మా పిన్ని పద్దెనిమిదేళ్ళు బట్టల మిల్లులో తప్పులు పట్టింది. కింద దీపాలు వెలిగే వాలు అద్దం మీదుగా బట్ట జారుతూ ఉంటే, తెగిన పోగో, ముడో, నూనె చుక్కో కనబడగానే మరను ఆపి సుద్దతో గుర్తు పెట్టడం ఆమె పని. మిల్లులో అందరూ ఆమెను డేగ అనే పిలిచేవారు.

మిల్లు యజమానులది మూడు తరాల కుటుంబం. పెద్దాయన ఊరికి పాటలు, నాటకాలు జరిగే సంగీత భవనం కట్టించాడు. ఆయన కోడలు, అందరూ పెద్దమ్మగారు అని పిలిచే ఆవిడ, ఆకాశాన్ని పరిశోధించే సంస్థను నెలకొల్పింది. "మామగారికి పాటల పిచ్చి, కోడలుగారికి చుక్కల పిచ్చి" అని కార్మికులు నవ్వుకునేవారు. ఆ రెండు భవనాల్లోనూ పిన్ని ఎన్నడూ అడుగు పెట్టలేదు.

ఒక ఏడాది, బట్టను తనంతట తానే పరీక్షించే యంత్రం కొన్నారు. పిన్ని విభాగంలో ఉన్నది ఆరుగురు ఆడవాళ్ళు. ఏడాది తిరిగేలోగా ఆ విభాగాన్ని ఎత్తేస్తారని తెలిసింది. యంత్రం బిగించే చోటు చూడడానికి వచ్చిన పెద్దమ్మగారు పిన్ని వెనక చాలాసేపు నిలబడిపోయింది.

"రోజంతా ఇలా చూస్తే కళ్ళు లాగవా అమ్మాయ్?"

"లాగుతాయండి. సెలవురోజు చూడ్డానికేం లేక ఇంకా లాగుతాయి."

పెద్దమ్మగారు పకపకా నవ్వింది. వారం తిరక్కుండా పిన్నికి పరిశోధన సంస్థ నుంచి పిలుపు వచ్చింది.

అక్కడ బీరువాల నిండా గాజు పలకలే. దుర్భిణితో తీసిన ఆకాశం ఫొటోలవి. వాటిలో నక్షత్రాలు నల్లని చుక్కలుగా కనిపిస్తాయి. ఒకే చోటును వేర్వేరు రోజుల్లో తీసిన పలకలను పక్కపక్కన పెట్టి, భూతద్దంలో పోల్చి చూసి, ఏ చుక్క మారిందో చెప్పాలి. అంత తీరిక లేని ప్రొఫెసరుగారు వాటిని ఏళ్ళ తరబడి పోగేసి ఉంచారు.

మొదటి వారంలో పిన్ని నలభై కొత్త చుక్కలు పట్టింది. తీరా చూస్తే అన్నీ దుమ్ము, గీతలు, ఫొటో కడిగే మందు మరకలు.

"ఇది బట్ట కాదమ్మా," అన్నారు ప్రొఫెసరుగారు విసుగ్గా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టింది. "రేపట్నుంచి వెళ్ళను. పగలే చుక్కలు కనబడుతున్నాయి నాకు!"

మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసే బాబాయి నింపాదిగా అన్నాడు: "నిన్ను పెట్టుకున్నది అందుకే కదే!"

ఏడవబోయినదల్లా పిన్ని నవ్వేసింది.

మర్నాటి నుంచి ముందు తప్పుల్ని గుర్తుపట్టడం నేర్చుకుంది. దుమ్ముకు అంచు పదునుగా ఉంటుంది. మందు మరక చుట్టూ లేత వలయం ఉంటుంది. అన్నిటికీ నోటుపుస్తకంలో బొమ్మలు వేసుకుంది. నాలుగో నెలలో, ఆ బొమ్మల్లో దేన్నీ పోలని చుక్క ఒకటి కనబడింది.

"మరకేలేమ్మా," అన్నారు ప్రొఫెసరుగారు తలెత్తకుండానే.

"మరకైతే ఒకచోట పడుంటుంది కదండీ. ఇది మూడు పలకల్లో వరసగా జరుగుతూ మూడు చోట్లుంది. నడిచే మరకని నేను మిల్లులో కూడా చూడలేదు."

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. భూతద్దం మీద వంగినవారు, కాఫీ చల్లారిపోయినా తల తిప్పలేదు.

లెక్కలు కట్టి, మరిన్ని పలకలు తిరగేసి తేల్చడానికి రెండు నెలలు పట్టింది. అది సూర్యుడి చుట్టూ తిరిగే ఒక చిన్న గ్రహం. ఎవరి జాబితాలోనూ లేదు. దానికి మిల్లు కుటుంబం పేరు పెడతామంటే పెద్దమ్మగారు ఒప్పుకోలేదు.

"గోడల మీద మా పేర్లు చాలానే ఉన్నాయి. పట్టినామె పేరు పెట్టండి."

తన అసలు పేరు పెట్టడానికి పిన్ని సిగ్గుపడింది. చివరికి డేగ అని ఖాయం చేశారు. ఇంకేం కావాలో చెప్పమని పెద్దమ్మగారు అడిగింది.

"నాకేం వద్దండి. మా విభాగంలో ఇంకా అయిదుగురున్నారు. వచ్చే నెలతో వాళ్ళకి పనుండదు. అంత మంచి కళ్ళు ఊరికే పోతాయి."

పెద్దమ్మగారు కిటికీ వైపు చూసింది. "ఆ మిషను కొన్నదీ మేమే," అంది. తర్వాత ప్రొఫెసరుగారి వైపు తిరిగింది. "ఈ బీరువాలకి ఇంకెంతమంది కావాలి?"

"ముగ్గురైతే సరిపోతారండి."

ముగ్గురు పరిశోధన సంస్థలో చేరారు. నాలుగో ఆమెకు సంగీత భవనంలో పాత తెరలు, నటుల దుస్తులు బాగుచేసే పని దొరికింది. అయిదో ఆమె మాత్రం "మీ దయకో దండం" అనేసి సొంతంగా కుట్టుపని పెట్టుకుంది. పిన్ని ఆమెతో ఎంత వాదించినా లాభం లేకపోయింది.

కొన్నాళ్ళకు పిన్ని బాబాయిని సంస్థకు వెంటబెట్టుకెళ్ళి, పలక మీద తన గ్రహాన్ని చూపించింది. ఆయన ముందు ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, భూతద్దంలోంచి తదేకంగా చూశాడు.

"కనబడిందా?"

"ఆ... ఎంత బాగుందో!" అంటూ ఎక్కడో వేలు పెట్టి చూపించాడు. అది కాదని పిన్ని చెప్పలేదు. ఆయన పక్కనే నిలబడి తనూ చూసింది.

"అన్నయ్యా, కాస్త జరుగుతారా? వెలుతురుకి అడ్డొస్తున్నారు," అంది పక్క బల్ల దగ్గర మిల్లు నుంచి కొత్తగా చేరినామె, తల ఎత్తకుండానే.